హవల్లీలో వంతెన కట్టించిన అబ్లా

ఆవిడ పేరు ఇన్సాఫ్. అరబ్బీలో ఆ మాటకు న్యాయం అని అర్థం. కన్నవాళ్ళు ఏ ధైర్యంతో పెట్టారో గానీ, న్యాయాన్ని ఏ ఆఫీసులోనైనా కుర్చీ వేసి కూర్చోబెట్టడం నేను చూడలేదు. ఆవిడనూ అంతే, నిలబెట్టే మాట్లాడేవారు. బడిలో పాఠం చెప్పే ఆడవాళ్ళను కువైట్‌లో ‘అబ్లా’ అంటారు, మనం పంతులమ్మగారు అన్నట్టు. మా హవల్లీ పేటలో ఎంతమంది అబ్లాలున్నా, ఊరికే ‘అబ్లా’ అంటే మాత్రం ఈవిడే.

మేము 1978లో అక్కడికి వెళ్ళాం. మావారు అనంతరామ్ సివిల్ ఇంజినీరు. విజయవాడలో కాలవల మీద కల్వర్టులు కట్టుకుంటున్న మనిషిని ఒక కాంట్రాక్టు కంపెనీ పిలిచి, ఎడారిలో రోడ్లు వేసిపెట్టమంది. నీళ్ళున్నచోటే ఆయనకు అంతంతమాత్రం గిరాకీ, ఇసకలో ఎలా పెరిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. కంపెనీ మాకు హవల్లీలో మూడో అంతస్తులో ఇల్లిచ్చింది. ఆ పేట నిండా పాలస్తీనా వాళ్ళు. రొట్టెలు కాల్చేవాడు, పళ్ళ డాక్టరు, పత్రికలో బొమ్మలు వేసేవాడు, బ్యాంకులో కూర్చునేవాడు, చెప్పులు కుట్టేవాడు, అందరూ వాళ్ళే. ఊరికి కావలసిన సమస్తం వాళ్ళ చేతిలో ఉండేది, ఊరు తప్ప.

వెళ్ళిన వారంలోనే ఎవరో తలుపు తట్టారు. తీస్తే పొట్టిగా, బొద్దుగా, యాభై దాటిన ఒకావిడ. బూడిదరంగు స్కర్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు.

“కింది ఇంటిదాన్ని. మీ జెండా కాస్త పైకి లాగుతారా? పొద్దుట్నుంచి నా కిటికీలోకి ఎండ రావడం లేదు,” అంది ఇంగ్లీషులో.

జెండా ఏమిటా అని చూస్తే, బాల్కనీలో ఆరేసిన నా చీర. గబగబా లాక్కున్నాను. ఆవిడ కదల్లేదు.

“ఏ ఊరు మీది?”

“విజయవాడ.”

“నది ఉందా?”

“కృష్ణ.”

“ఏ సముద్రంలో కలుస్తుంది?”

బి.ఏ. చదివిన నేను బడిపిల్లలా చేతులు కట్టుకున్నాను. “బంగాళాఖాతంలో,” అన్నాను.

“పాసయ్యావు. సాయంత్రం కాఫీకి రా.”

ఆ కాఫీ ఎంత చేదో చెప్పను. రెండో కప్పు కూడా తాగాను కాబట్టి మాకు స్నేహం కుదిరింది. ఆవిడ కథ కూడా ఆ కాఫీల్లోనే తెలిసింది.

పుట్టింది పాలస్తీనాలో తుల్కరమ్ అనే ఊళ్ళో. బ్రిటిష్ వాళ్ళ కాలంలో టీచరు ట్రెయినింగు చదివింది. అందుకే ఇంగ్లీషులో తిట్టినా వ్యాకరణం తప్పేది కాదు. కువైట్‌లో ఆడపిల్లల బళ్ళకు పంతులమ్మలు కావాలంటే 1953లో బస్రా దాకా రైల్లో, అక్కడినుంచి దుమ్ము మింగుతూ కారులో వచ్చింది. రెండేళ్ళు చేసి వెళ్ళిపోదామనుకుంది. గల్ఫుకు వచ్చే ప్రతివాళ్ళూ రెండేళ్ళనే వస్తారు, మేమూ అలాగే వచ్చాం. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, “దిద్దాల్సిన పేపర్లు ఎప్పుడూ మిగిలిపోతూనే ఉన్నాయి,” అనేది.

1967 జూన్‌లో ఊరెళ్ళి తల్లిని చూసి వద్దామని పెట్టె సర్దుకుంది. ప్రయాణానికి ముందే యుద్ధం వచ్చి, వారం తిరగకుండా ఆ ఊరు అవతలివాళ్ళ పాలైంది. గెలిచినవాళ్ళు తీరిగ్గా ఇంటింటికీ తిరిగి జనాభా లెక్క రాసుకున్నారు. ఆ వేళ ఇంట్లో కనపడ్డవాళ్ళే ఆ ఊరివాళ్ళు. అబ్లా కువైట్‌లో పిల్లలకు పాఠం చెబుతోంది కాబట్టి, తుల్కరమ్‌కూ ఆవిడకూ ఏమీ సంబంధం లేదని తేల్చేశారు. తల్లి పోయినప్పుడు కూడా వెళ్ళనివ్వలేదు.

“చరిత్ర పాఠం చెప్పమంటే నావల్ల కాదు,” అంది ఓసారి. “భూగోళం నయం. ఎవరు గెలిచినా కొండలు ఉన్నచోటే ఉంటాయి.”

హవల్లీ పక్కనుంచి కొత్తగా ఒక పెద్ద రోడ్డు వేశారు. రోడ్డుకు ఇటు మా ఇళ్ళు, అటు అబ్లా పనిచేసే ఆడపిల్లల బడి. ఆ రోడ్డు గీసిన పెద్దమనిషి జన్మలో కారు దిగి ఉండడు. పిల్లలు బడికి ఎగురుకుంటూ వెళ్తారనుకున్నాడేమో, దాటడానికి ఏ ఏర్పాటూ లేదు. దాని మీద పడవల్లాంటి అమెరికా కార్లు. వాటిని నడిపే కుర్రాళ్ళకు హారన్ ఎక్కడుంటుందో బాగా తెలుసు, బ్రేకు సంగతి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

1979 చలికాలంలో మైసూన్ అనే పిల్లను కారు గుద్దింది. మా వీధిలో రొట్టెల కొట్టాయన కూతురు, అబ్లా తరగతిలోనే చదివేది. గుద్దిన కుర్రాడు మర్యాదస్తుడు, కారు ఆపి దిగాడు. దిగి ముందు హెడ్‌లైటు పగిలిందేమో చూసుకున్నాడు. పిల్లకు ప్రాణం దక్కింది గానీ కాలు చితికింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి చంకల కింద కర్రలతో ఇంటికొచ్చింది.

సర్కారు వెంటనే కదిలింది. రోడ్డు పక్కన ఒక బోర్డు పాతారు. ‘దాటేటప్పుడు జాగ్రత్త’ అని. అది కార్ల వైపు కాదు, పిల్లల వైపు తిప్పి ఉంది.

అబ్లా ఆ బోర్డు చదివి, కళ్ళజోడు దించి, తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది. ఏ ఆఫీసో చెప్పను. అలాంటివి అన్ని దేశాల్లోనూ ఉంటాయి, బెజవాడలోనూ ఉంది. చదివేవాళ్ళు తమకు తెలిసినదాన్ని అనుకోవచ్చు. రోడ్డు మీద నడక వంతెన కావాలని అడిగితే మొదటి కిటికీవాడు రెండో కిటికీకి పొమ్మన్నాడు, రెండోవాడు టీ తాగి రమ్మన్నాడు, మూడోవాడు ‘బుక్రా’ అన్నాడు. బుక్రా అంటే రేపు. అక్కడ ఆఫీసుల్లో ఆ రేపుకు తెల్లవారడం అరుదు.

చలికాలం పోయి ఇసక తుఫానుల కాలం వచ్చాక డైరెక్టరు గదిలోకి పంపించారు. ఆయన్ని అబూ జాసిమ్ అనేవారు, జాసిమ్ వాళ్ళ నాన్న అని. జరిగింది అబ్లాయే నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

“మీరు ఏ దేశస్థులు?” అన్నాడట ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా.

“రోడ్డు మీద పడింది పిల్ల. పాస్‌పోర్టు కాదు.”

“ఇలాంటివి పౌరులే అడగాలి.”

“అలాగే. గుద్దేముందు పౌరులో కాదో కనుక్కుని గుద్దమని మీరు కార్లవాళ్ళకు చెప్పండి.”

అప్పుడు తలెత్తాడు. అర్జీ మీద పేరు చూసి, “ఆడపిల్లల బడిలో అబ్లా ఇన్సాఫ్ మీరేనా? మునీరా అని మీ దగ్గర చదివిందా?” అన్నాడు.

“మొదటి బ్యాచి. సముద్రాలన్నీ గడగడా చెప్పేది. నోరు ఆగేది కాదు.”

“ఇప్పటికీ ఆగదు. ఆవిడ నా భార్య,” అన్నాడాయన నీరసంగా. తర్వాత చాలా మర్యాదగా లేచి నిలబడి, “బుక్రా,” అన్నాడు.

ఆ సాయంత్రం ఇది విని మావారు ఎగిరి గంతేశారు. “ఇంకేవుందండీ! ఆవిడ చేత ఇంట్లో ఓ మాట చెప్పిస్తే పనైపోద్ది. ఇక్కడ వాస్తా లేందే గడ్డిపోచ కదలదు.”

వాస్తా అంటే సిఫార్సు. ఆ దేశంలో గాలీ వెలుతురూ లాంటిది. అబ్లా తల అడ్డంగా ఊపింది. “వాస్తాతో వంతెన వస్తే, వాస్తా ఉన్న రోడ్డుకే వస్తుంది. పక్కరోడ్డు పిల్లల సంగతేమిటి, ఇంజినీరూ?”

మావారు ఎదురుగా ఉన్న కాఫీ గటగటా తాగేశారు. ఆయన ఆ కాఫీ తాగడం అదే మొదలు, అదే ఆఖరు.

బడి వార్షికోత్సవం దగ్గరపడింది. అబ్లా ఓ రోజు పైకొచ్చి, “నీ దగ్గర నల్ల జెండా ఉందా?” అంది. ఉంది. వెంకటగిరి చీర, నల్లటి ఒళ్ళు, వెండి జరీ అంచు. ముచ్చటపడి కొనుక్కుని రెండుసార్లు కూడా కట్టలేదు. అది తీసుకెళ్ళి స్టేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి, “రోడ్డు,” అంది. జరీ అంచు రోడ్డు పక్క గీత అన్నమాట. చీర మీద బెంగ ఉన్నా పైకి, “బాగుంది అబ్లా,” అన్నాను. పంతులమ్మల ముందు మనం ఎప్పటికీ పిల్లలమే.

వార్షికోత్సవానికి ముఖ్య అతిథి అబూ జాసిమ్. బడికి ఏసీలు ఇప్పిస్తారని హెడ్మిస్ట్రెస్ ఆయన్ని పిలిచింది. హాలు నిండా తల్లులు. నాటకం చాలా చిన్నది. జడలు వేసుకున్న ఆడపిల్లలు పుస్తకాల సంచులతో రోడ్డు అంచుకు వస్తారు. ఒక పక్కన కిటికీ, కిటికీలో గుమాస్తా. ఆ గుమాస్తా వేషం మైసూన్‌ది. చంక కింద కర్రలు, ముక్కు మీద అబ్లా కళ్ళజోడు. పిల్లలు వంతెన ఎప్పుడని అడుగుతారు. మైసూన్ ఆవులించి, “బుక్రా,” అంటుంది. డప్పు మోగుతుంది, పిల్లలు మళ్ళీ వస్తారు. “బుక్రా.” ఒక్కో డప్పుకూ జడల్లో కాస్త కాస్త తెల్ల దూది చేరుతుంది, వీపులు వంగుతాయి, చేతికర్రలు వస్తాయి. ఆఖరికి ఒక ముసలిది రెండోదాన్ని అడుగుతుంది, “ఇంతకీ మనం ఏ తరగతికే?” “ఒకటో తరగతికి.”

వెనక వరసలో ఎవరో ఫక్కుమన్నారు. అంతే, హాలు హాలంతా ఘొల్లుమంది. అబూ జాసిమ్ అందరికంటే కాస్త ఆలస్యంగా నవ్వాడు. నవ్వకపోతే గుమాస్తా ఎవరో తెలిసిపోతుంది మరి. నా చీర మీద అన్ని బూట్ల అచ్చులూ పడ్డాయి. మైసూన్ మాత్రం ఆ దెబ్బ తిన్నాక మళ్ళీ పళ్ళు కనపడేలా నవ్వింది ఆ రోజే. చీర మీద ఆశ అక్కడే వదులుకున్నాను.

బహుమానం వారంలోపే అందింది. అబ్లాను జహ్రాకు బదిలీ చేశారు. అది ఊరికి దూరంగా, ఎడారి అంచున ఉంటుంది. అక్కడి పిల్లలకు హఠాత్తుగా భూగోళం అవసరం వచ్చిపడిందని ఉత్తర్వు. వచ్చే ఏడు కొలువు ఉండకపోవచ్చనీ గుసగుస. కొలువు పోతే ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, దానంతటదే పోతుంది. ఇఖామా పోతే ఎక్కడికి వెళ్ళాలన్నది ఆవిడ తేల్చుకోవలసిన సంగతి, ప్రభుత్వానికి పట్టదు.

“జహ్రా నేల చదునుగా ఉంటుంది. పటం గీయడం సులువు,” అంది అబ్లా. ఆ మాట అంటూ కప్పులో కాఫీ పోయబోయి బల్ల మీద పోసింది.

ఆ మర్నాడు మా మెట్ల మీద పరిమళం గుప్పుమంది. నల్ల అబాయాలు వేసుకున్న కువైటీ ఆడవాళ్ళు అబ్లా ఇంటికి వచ్చారు. ముందు నడుస్తున్నది మునీరా, అబూ జాసిమ్ భార్య. కొడుకు పేరుతో ఉమ్ జాసిమ్ అని పిలిచేవారు. మిగతావాళ్ళు కూడా మొదటి బ్యాచివాళ్ళే. నేను కూడా కిందికి వెళ్ళాను, చక్కెర అప్పు కోసం. మా ఇంట్లో చక్కెర నిండుకోలేదు.

“నా కోసం ఎవరూ ఎవరితోనూ మాట్లాడొద్దు,” అంది అబ్లా వాళ్ళను కూర్చోమనకుండానే.

“మీ కోసం ఎవరు మాట్లాడుతున్నారు?” అంది ఉమ్ జాసిమ్. “భూగోళంలో నాకు వందకు నలభై వేశారు మీరు. నేనేం మరిచిపోలేదు. మేం రోడ్డు కోసం మాట్లాడతాం.”

“ముప్ఫై ఎనిమిది. రెండు మార్కులు జాలిపడి కలిపాను,” అంది అబ్లా.

వాళ్ళు వెళ్ళి అబూ జాసిమ్ ఆఫీసులో, మగవాళ్ళు కూర్చునే గదిలో, టీ ఫ్లాస్కులతో సహా కూర్చున్నారు. మగవాళ్ళు సిగ్గుపడి వరండాల్లో నిలబడ్డారు. ఫైళ్ళు మోసేవాడు లోపలికి రాలేక గుమ్మంలో ఆగిపోయాడు. అబూ జాసిమ్ మీటింగులో ఉన్నారని చెప్పించారు. మీటింగు ఎంతకీ తెమల్లేదు, ఎందుకంటే ఆ గదికి రెండో గుమ్మం లేదు. చివరికి ఆకలికి తట్టుకోలేక బయటికొచ్చి, “మునీరా, ఇంటికి పద, భోజనం వేళయింది,” అన్నాడు.

ఉమ్ జాసిమ్ టీ పోసుకుంటూ, “భోజనమా? బుక్రా,” అంది.

నడక వంతెన మంజూరైంది. బదిలీ కాగితం పొరపాటున వెళ్ళిందని ఇంకో కాగితం వచ్చింది. పేటంతా రొట్టెల కొట్టులో మిఠాయి పంచుకుంటే, అబ్లా ఒక్కతే మొహం ముడుచుకుని కూర్చుంది.

“ఇది కూడా వాస్తానే కదా. మొగుడి మీద పెళ్ళాం వాస్తా.”

“వంతెనకి పునాది గట్టిగా ఉంటే చాలండీ. ఎందుకు కట్టారో అది మనల్ని అడగదు,” అన్నారు మావారు. ఆయన సంతోషానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పని వాళ్ళ కంపెనీకే వచ్చింది.

1981లో వంతెన పూర్తయింది. చక్కని వంతెన. ఒకే ఒక్క చిన్న లోపం, అది బడి గేటు దగ్గర లేదు. గేటుకు బాగా దూరంగా, బడి వెనక గోడ వైపు, బాత్రూం తొట్లూ పింగాణీ సింకులూ అమ్మే కొత్త షోరూమ్ గుమ్మం ముందు దిగుతుంది. ఆ షోరూమ్ ఎవరి బావమరిదిదో నాకు తెలుసు, చెప్పను. పిల్లలకు వంతెన ఎక్కి దిగి, మళ్ళీ బడి గోడంతా చుట్టి గేటుకు చేరేకంటే రోడ్డుకు అడ్డంగా పరిగెత్తడమే దగ్గర. పొద్దున్నే స్నానాల తొట్టి కొనాలనే కోరిక ఒక్క పిల్లకీ లేకపోయింది.

ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. మఖమల్ దిండు మీద కత్తెర తెచ్చారు, రిబ్బను కోశారు, పాలరాతి పలక మీద ఐదారు పేర్లు చెక్కించారు. అబ్లాకు పిలుపు రాకపోలేదు. పిల్లల్ని వరసగా నిలబెట్టి జెండాలు ఊపించమని పిలిచారు. ఎండలో నిలబడి ఊపించింది కూడా.

ఆ సాయంత్రం మావారిని నిలదీసింది. “ఇంజినీరూ, అక్కడెందుకు కట్టారు?”

“నేనేం చేసేదండీ? ప్లాను పైనుంచి అలాగే వచ్చింది.”

“పైనుంచి అంటే? దేవుడు పంపాడా?”

అబ్లా కిటికీలోంచి వంతెన వైపు చూసి, “వంతెనను జరపలేం. గోడకు కన్నం పెట్టొచ్చు,” అంది.

మావారు జన్మలో పై అధికారి సంతకం లేకుండా మేకు కూడా కొట్టించిన మనిషి కాదు. ఆ రాత్రంతా పక్క మీద దొర్లి, పొద్దున్నే నాతో, “ఏమే, బడికి వెనక గోడ ఎవరిదంటావు?” అన్నారు.

“గోడ బడిదే. పిల్లలు మాత్రం మనవాళ్ళనుకోండి,” అన్నాను. నాకు తెలిసి మా కాపురంలో ఆయన నా సలహా విన్నది అప్పుడే.

అక్కడ శుక్రవారం సెలవు కనక గురువారం మధ్యాహ్నం బళ్ళు మూసేశాక, కంపెనీ కూలీలు వెళ్ళి వంతెన దిగేచోటికి ఎదురుగా బడి గోడ పగలగొట్టి, శుక్రవారానికల్లా ఇనప గేటు బిగించి పచ్చరంగు వేశారు. శనివారం హెడ్మిస్ట్రెస్ వచ్చి చూస్తే గోడలోంచి పిల్లలు వస్తున్నారు. కబురు పైకి వెళ్ళింది. పైవాళ్ళు విచారణ చేశారు. గేటు అక్రమమని తేలిస్తే వంతెన తప్పుచోట ఉందని ఒప్పుకోవాలి. అందుకని ఆ గేటు మొదట్నుంచీ అక్కడే ఉందని తేల్చారు. సర్కారు సత్యసంధత మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజుల్లోనే.

గేటు పెట్టినంత మాత్రాన పిల్లలు వంతెన ఎక్కుతారా? అందుకని అబ్లా రోజూ పొద్దున్నే పసుపు గొడుగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడేది. రోడ్డుకు అడ్డంపడబోయిన పిల్లల్నే కాదు, మీసాలున్న మగవాళ్ళను కూడా గొడుగు కొసతో వెనక్కి లాగేది. అలా ఏళ్ళు గడిచాయి. పాలరాతి పలక మీద పేర్లు ఎవరూ చదవలేదు. టాక్సీవాళ్ళకు ‘జిస్ర్ అల్ అబ్లా’ అంటే చాలు, అక్కడ దింపేవారు. పంతులమ్మ వంతెన అని.

ఏటా నాటకం కూడా ఆనవాయితీ అయిపోయింది. ఒక ఏడు చెత్త లారీ మీద, ఒక ఏడు ఆడవాళ్ళకు సాయంత్రాలు తాళం వేసి ఉండే గ్రంథాలయం మీద. నాటకం వేసిన నెలలో గ్రంథాలయం తాళం ఊడింది. హవల్లీలో నాటకం ఆడుతున్నారంటే ఆఫీసుల్లో ఈసారి ఎవరి మీదో అని భయపడేవారు. ముఖ్య అతిథులు దొరకడం కష్టమైంది.

1986లో అబ్లాకు అరవై నిండాయి. బడిలో గోడ గడియారం బహూకరించి, ఆవిడ దేశానికి చేసిన సేవ మరువలేనిదన్నారు. తర్వాత మరిచిపోయారు. ఉద్యోగం అయిపోయింది కాబట్టి ఇఖామా కూడా అయిపోతుంది, వెళ్ళిపొమ్మని కబురొచ్చింది.

“ఎక్కడికి?” అని అడిగాను.

“పాస్‌పోర్టు జోర్డాన్‌ది కనక అమ్మాన్‌కు. అమ్మాన్‌లో నాకు తెలిసింది విమానాశ్రయం ఒక్కటే. అక్కడ కాపురం పెట్టనిస్తారేమో కనుక్కోవాలి,” అంది. నవ్వబోయి ఆగిపోయింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోవడం, మళ్ళీ పెట్టుకోకపోవడం అంతకుముందు నేను చూడలేదు.

ఉమ్ జాసిమ్ వచ్చింది. తను కఫీల్‌గా, అంటే పూచీదారుగా ఉంటానంది. అయితే ఒక గృహిణి బయటివాళ్ళకు పూచీ ఉండాలంటే ఆ మనిషి ఇంటి పనివాళ్ళలో ఒకరై ఉండాలట. వంటమనిషి, ఆయా, పనిమనిషి. ఖాళీలు అవే.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇన్నేళ్ళు చదువు చెప్పినావిడకు పనిమనిషి వీసానా?”

“ఎందుకంత కోపం?” అంది అబ్లా. “వచ్చినప్పట్నుంచీ వీళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తూనే ఉన్నాను. ఇప్పటికి కాగితం మీద నిజం రాస్తున్నారు.”

కాగితాల ఆఫీసుకు నేను కూడా వెళ్ళాను. కౌంటరులో కుర్రాడు నెరిసిన ఆ తలను అనుమానంగా చూశాడు.

“వంట వచ్చా?”

“అన్నం మాడ్చడం వచ్చు.”

“పిల్లల్ని చూసుకున్న అనుభవం ఉందా?”

“మీ అమ్మగారి పేరేమిటి, నాయనా?”

వాడు తడబడి చెప్పాడు.

“అయితే మీ అమ్మను చూసుకున్నాను. ఎడంచేత్తో రాసేది. ఎలా ఉంది?”

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ‘పనిమనిషి’ అని ముద్ర గుద్ది ఇచ్చాడు.

కాగితం మీదేగా, ఇంట్లో హాయిగా కూర్చోవచ్చు. అబ్లా అలా కూర్చుంటే నేనిదంతా రాయనక్కర్లేదు. ఇఖామాలో ఉన్నట్టు పని చెయ్యకపోతే మోసం అవుతుందంటూ, వారానికి కొన్ని రోజులు సల్వా పేటలో ఉమ్ జాసిమ్ మేడకు బస్సెక్కి వెళ్ళేది. అక్కడ అసలు పనిమనిషి మన గోదావరి జిల్లా సూరాయమ్మ. పక్క మేడలో కడప నుంచి వచ్చిన నూర్ బీ. ఇంటావిడలు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, కారు షెడ్డులో అబ్లా వాళ్ళిద్దరికీ బొగ్గుముక్కతో గోడ మీద అరబ్బీ అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. త్వరలోనే ఆ వీధి పనివాళ్ళందరికీ కారు షెడ్డులో ఏదో పని పడేది.

“ఈ ముసలమ్మగోరు నాకు పనిలో తోడొచ్చిందనుకున్నానండి,” అంది సూరాయమ్మ నాతో ఓసారి. “సూత్తే నాకే పని పెట్టిందండి. రాత్రి అంట్లు తోవుకుంటా ‘అలిఫ్, బా’ అనుకుంటన్నానండి బాబూ.”

ఏడాది తిరిగేసరికి ఉమ్ జాసిమ్ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది. అరబ్బీలో, గుండ్రటి అక్షరాలతో: ‘మామా, నాకు శుక్రవారం సెలవు కావాలి. సూరాయమ్మ.’

ఇంటి యజమానురాల్ని పనివాళ్ళు మామా అనేవారు. ఆ మామా భగ్గుమంటూ కాగితం పట్టుకుని హవల్లీ వచ్చేసింది. నేను అక్కడే ఉన్నాను.

“మీకు నా ఇంట్లో చోటిస్తే, నా పనిమనిషినే నా మీదికి ఎగదోస్తారా?”

అబ్లా కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది. “ఇక్కడ ఒక చుక్క తక్కువైంది. చూశావా?”

“ఎక్కడ?” అని ఉమ్ జాసిమ్ వంగి చూసింది. చూసి, సంచీలోంచి కలం తీసి, అలవాటు చొప్పున ఆ చుక్క పెట్టేసింది. పెట్టాక తను చేసిందేమిటో తెలిసొచ్చి కుర్చీలో కూలబడింది. తప్పు దిద్దాక కాగితం ఇంకా బాగా చదవొస్తోంది. చాలాసేపు బేరమాడాక శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు ఖాయమైంది. చుట్టుపక్కల మామాలు ఉమ్ జాసిమ్‌తో కొన్నాళ్ళు మాట్లాడటం మానేశారు, ఎందుకంటే వాళ్ళ ఫ్రిజ్‌ల మీద కూడా కాగితాలు వెలిశాయి. మొదటి సెలవుకు సూరాయమ్మ, నూర్ బీ మా ఇంటికొచ్చి, పప్పుచారు తాగి, సాయంత్రం దాకా నిద్రపోయారు. ఎవరూ లేపలేదు.

1988లో అబ్లా ఇఖామా మళ్ళీ పొడిగించాల్సి వచ్చింది. మేము ఇండియాకు తిరిగి వచ్చెయ్యడానికి సామాన్లు కట్టుకుంటున్న రోజులవి. అయినా పని మానుకుని అబ్లా, ఉమ్ జాసిమ్‌లతో వెళ్ళాను. కౌంటరులో ఈసారి ఇంకో గుమాస్తా. కాగితం చూసి, ఎదురుగా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్న అబ్లాను చూసి, ఉమ్ జాసిమ్‌ను అడిగాడు.

“ఈ పనిమనిషి పని తృప్తిగా ఉందా?”

ఉమ్ జాసిమ్ వేళ్ళు మడుస్తూ లెక్క మొదలుపెట్టింది.

“వంట చెయ్యదు. ఇల్లు తుడవదు. మాట వినదు. ఒకటంటే పదంటుంది. మిగతా పనివాళ్ళను పాడుచేస్తుంది,” అంది. “ఇంకో రెండేళ్ళు పొడిగించండి.”